హుస్సేన్‌సాగర్‌లో మ్యాచ్ రేసులు పెట్టాలంటే: పడవల కంటే ముందు అంపైర్లు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. హుస్సేన్‌సాగర్ మీద నడిచే చిన్న సెయిలింగ్ క్లబ్బు మీది. ఇరవై మంది దాకా సభ్యులు, ఇద్దరేసి నడిపే 420 తరగతి పడవలు నాలుగు. ఇప్పటిదాకా అందరూ ఒకేసారి బయలుదేరే ఫ్లీట్ రేసులే పెట్టారు. ఈ వానాకాలంలో ఒక పడవతో ఒకే పడవ తలపడే మ్యాచ్ రేసులు పెట్టాలని ఉంది. ఇంకో రెండు పడవలు కొనాలా, ఎన్ని జట్లను పిలవాలి, రెండు రోజుల్లో పూర్తవుతుందా అని అడిగారు.

పడవలు కొనకండి. నాలుగు మీకు ధారాళంగా సరిపోతాయి. రెండే ఉన్నా మ్యాచ్ రేసులు పెట్టొచ్చు. నేను చాలా ఏళ్లుగా క్లబ్బు స్థాయి పోటీల్లో రేస్ ఆఫీసర్‌గా, అంపైర్‌గా పనిచేస్తున్నాను. ఈ పోటీ బాగా జరిగిన చోటల్లా నాకు కనిపించిన కారణం ఒకటే: నీళ్ల మీద, అక్కడికక్కడే, తడబడకుండా తీర్పు చెప్పగలిగిన ఇద్దరు మనుషులు ఉండడం. పడవలు కొత్తవైనా, ట్రోఫీ పెద్దదైనా, ఆ ఇద్దరూ లేకపోతే మొదటి రోజు మధ్యాహ్నానికే జట్ల మధ్య మాటలు ఉండవు. కాబట్టి మీ దగ్గరున్న డబ్బు, అంతకంటే ముఖ్యంగా పోటీకి ముందున్న నెలన్నర సమయం, అంపైర్ల మీద పెట్టండి.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానో వివరిస్తాను. ఫ్లీట్ రేసులో ఇరవై పడవలుంటే, పక్కవాడితో గొడవ పెట్టుకున్నవాడు మిగతా పద్దెనిమిది మందికీ వెనకబడతాడు. అందుకే అక్కడ అందరూ ఒకరికొకరు దూరంగా ఉండి వేగం చూసుకుంటారు. మ్యాచ్ రేసు అలా కాదు, అది కుస్తీ. ఇక్కడ వేగంగా వెళ్లాల్సిన పనే లేదు, ఎదుటివాడి కంటే ఒక్క అడుగు ముందుంటే చాలు. అందుకని ముందున్నవాడు కావాలనే నెమ్మదిస్తాడు, వెనకవాడి తెరచాపకు గాలి అందకుండా అడ్డుపడతాడు, దారి హక్కు తనదైనప్పుడు నేరుగా మీదికి వస్తాడు, తప్పుకోలేని ఇరుకులోకి నెట్టి తప్పు చేయిస్తాడు. ఎదుటివాడి మీద పెనాల్టీ వేయించడం ఇక్కడ న్యాయమైన ఎత్తుగడ. ఆటంతా నియమాల అంచు మీదే నడుస్తుంది. తన మీద పెనాల్టీ ఉందో లేదో ఆ నిమిషంలోనే తెలియకపోతే తర్వాత ఏం చెయ్యాలో స్కిప్పర్‌కు తెలియదు. సాయంత్రం ఒడ్డు మీద కమిటీ కూర్చుని విచారిస్తే ఈ ఆటకు అర్థమే ఉండదు.

1934 అమెరికాస్ కప్‌లో ఇదే జరిగింది. బ్రిటన్ పడవ ఎండెవర్ మొదటి రెండు పందేలూ గెలిచి అమెరికా పడవ రెయిన్‌బో మీద పైచేయిగా ఉంది. నాలుగో పందెంలో రెండు పడవలూ దగ్గరికొచ్చినప్పుడు రెయిన్‌బో తప్పుకోలేదని ఎండెవర్ యజమాని సాప్‌విత్ ఫిర్యాదు చేశాడు. ఫిర్యాదు జెండా వెంటనే ఎగరేయలేదన్న కారణంతో న్యూయార్క్ యాట్ క్లబ్ కమిటీ ఆ ఫిర్యాదును వినడానికే ఒప్పుకోలేదు. రెయిన్‌బో 4-2తో గెలిచింది. ఆ చేదు చాలాకాలం పోలేదు. నిజంగా తప్పు ఎవరిదన్న ప్రశ్నకు నీళ్ల మీదే జవాబు చెప్పేవాళ్లు ఆనాడు లేరు. ఇప్పుడు ఉండాలి, మీ క్లబ్బులో కూడా.

నియమాల సంగతి ముందు తేల్చుకుందాం. వరల్డ్ సెయిలింగ్ సంస్థ నాలుగేళ్లకోసారి రేసింగ్ నియమాల పుస్తకం తెస్తుంది. ఇప్పుడు నడుస్తున్నది 2025-2028 పుస్తకం. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో అపెండిక్స్ సి అన్నది మొత్తం మ్యాచ్ రేసుల కోసమే. మీ సొంత నియమాలు రాసుకోవద్దు. "మాది చిన్న క్లబ్బే కదా, కొంచెం తేలిక చేద్దాం" అని చాలామంది మొదలుపెడతారు. తేలిక చేసిన ప్రతిచోటా కొత్త గొడవ పుడుతుంది, దానికి జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు. అపెండిక్స్ సి ని ఉన్నదున్నట్టు వాడండి. మీ పిల్లలు రేపు వేరే ఊళ్లో ఆడినా అదే ఆట.

జెండాల వ్యవస్థ చాలా సులువు. పోటీపట్టికలో ఎడమవైపు రాసిన జట్టు పడవ వెనక నీలం జెండా, కుడివైపు రాసిన జట్టు పడవ వెనక పసుపు జెండా. అందరూ వాళ్లను బ్లూ, ఎల్లో అనే పిలుస్తారు. ఎదుటివాడు తప్పు చేశాడనుకున్న జట్టు వెంటనే వై జెండా, అంటే ఎరుపు పసుపు ఏటవాలు చారల జెండా, చూపిస్తుంది. అంపైర్లు ఒక పొడవైన విజిల్ వేసి మూడింటిలో ఒకటి ఎత్తుతారు. ఆకుపచ్చ-తెలుపు జెండా అయితే పెనాల్టీ లేదు. నీలం అయితే బ్లూకి పెనాల్టీ, పసుపు అయితే ఎల్లోకి పెనాల్టీ. దాంతోపాటు ఎర్రజెండా కూడా ఎత్తితే ఆ పెనాల్టీని దాచుకోకుండా ఇప్పుడే తీర్చుకోవాలి. నల్లజెండా ఎత్తితే ఆ పడవ ఓడిపోయినట్టే, మ్యాచ్ ముగిసింది. ఈ తీర్పుల మీద అప్పీలు లేదు. ఆ మాట పోటీకి ముందు జరిగే సమావేశంలో అందరిముందూ చెప్పండి. తల్లిదండ్రులు కూడా వినేలా చెప్పండి.

ఇక అంపైర్లు నిజంగా ఏం చేస్తారో దగ్గరనుంచి చూపిస్తాను, ఎందుకంటే బయటినుంచి చూసేవాళ్లకు ఇది తెలియదు. మోటారు పడవలో ఇద్దరు అంపైర్లు పక్కపక్కన నిలబడతారు. ఒకరు బ్లూ, ఇంకొకరు ఎల్లో. తమ పడవే తామైనట్టు, మ్యాచ్ పొడుగునా ఆపకుండా, గట్టిగా మాట్లాడుతూ ఉంటారు. స్టార్‌బోర్డ్ ట్యాక్ అంటే పడవకు కుడివైపునుంచి గాలి రావడం, పోర్ట్ అంటే ఎడమవైపునుంచి. స్టార్‌బోర్డ్ పడవకే దారి హక్కు.

"నేను ఎల్లో, స్టార్‌బోర్డ్ ట్యాక్. దారి నాది."

"నేను బ్లూ, పోర్ట్. తప్పుకోవాలి. తప్పుకుంటున్నాను."

"నేను ఎల్లో, నీవైపు తిప్పుతున్నాను. నీకు చోటివ్వాలి."

"బ్లూ. స్పందించాను. చోటుంది. చోటుంది. ఇక లేదు, పూర్తిగా తిప్పేశాను, ఇంకా తిప్పలేను."

"ఎల్లో. ఆగాను. తిన్నగా పోతున్నాను."

ఈ మాటలు సాగుతుండగా వై జెండా లేచిందనుకోండి, తీర్పు అప్పటికే సగం తయారై ఉంటుంది. ఎవరికి దారి హక్కు, ఎవరు ఎవరికి చోటివ్వాలి, ఇచ్చారా లేదా అన్నది ఇద్దరి నోటా వచ్చేసింది. ఐదారు సెకన్లలో జెండా ఎత్తొచ్చు. మౌనంగా చూసే అంపైర్లకు అదే పనికి అర నిమిషం పడుతుంది. ఆలోపు పడవలు వేరే చోట, వేరే స్థితిలో ఉంటాయి. ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదరకపోతే ఆకుపచ్చ జెండా. అందులో మొహమాటం అక్కర్లేదు.

ఇంకో సూత్రం ఉంది, ఇది ప్రతి అంపైర్‌కూ మొదటిరోజే నేర్పాలి. ఒక స్థితి ఖాయంగా ఉందని మీకు తెలిసిన చివరి క్షణాన్ని పట్టుకోండి. అది మారిందని ఖాయంగా తెలిసేదాకా మారలేదనే అనుకోవాలి. వెనకున్న పడవ ముక్కు ముందు పడవ వెనకభాగాన్ని దాటి పక్కకు వచ్చిందా లేదా? దూరంనుంచి చూస్తే రెండు విధాలా అనిపిస్తుంది. అలాంటప్పుడు "రాలేదని ఖాయంగా చూశాను, వచ్చిందని ఖాయంగా చూడలేదు, కాబట్టి రాలేదు" అనుకోవాలి. దీనివల్ల ఇద్దరు అంపైర్లూ ఒకే తీర్పుకు వస్తారు, జట్లకు కూడా ఏం ఆశించాలో తెలుస్తుంది.

శిక్షణ ఒడ్డు మీదే మొదలుపెట్టండి. బల్ల మీద అరచేతి పొడవు చెక్క పడవలు రెండు, గాలి దిశకు ఒక బాణం గుర్తు. ఒకరు పడవలు జరుపుతుంటే ఇద్దరు కూర్చుని ఇందాకటిలా మాట్లాడాలి. మొదట్లో ఇబ్బందిగా, నాటకంలా ఉంటుంది. రెండు ఆదివారాల్లో అలవాటైపోతుంది. పుస్తకమంతా ఒక్కసారిగా అక్కర్లేదు. 10 నుంచి 16 దాకా ఉన్న నియమాలు, మార్క్ (పడవలు చుట్టి తిరగాల్సిన తేలే గుర్తు) దగ్గర చోటు గురించి చెప్పే 18వ నియమం, ఇవి నోటికి రావాలి. అపెండిక్స్ సి వీటిలో కొన్నింటిని మారుస్తుంది. ఉదాహరణకు మామూలు రేసుల్లో మార్క్ చుట్టూ ఉండే జోన్, అంటే ఆ చోటు నియమం వర్తించే ప్రాంతం, మూడు పడవల పొడవు, మ్యాచ్ రేసుల్లో రెండే. 420 పొడవు 4.2 మీటర్లు, కాబట్టి జోన్ ఎనిమిదిన్నర మీటర్ల లోపే. అంత చిన్న దూరాన్ని కంటితో అంచనా వేయడానికి సాధన కావాలి. మార్క్ నుంచి సరిగ్గా అంత దూరంలో ఒక చిన్న బోయను (తేలే గుర్తును) తాడుతో కట్టి, అంపైర్లను ఒక పూట అక్కడే తిప్పండి.

అంపైర్లు ఎవరు కావాలి? మీ సీనియర్ సభ్యుల్లో వయసు వల్లో, మోకాళ్ల నొప్పి వల్లో పడవ నడపడం తగ్గించినవాళ్లు ఉంటారు. వాళ్లే సరైనవాళ్లు. పోటీలో తమ పిల్లలున్నవాళ్లను ఆ పిల్లల మ్యాచ్‌కు పెట్టకండి. యాటింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియాకు రాసి, అర్హత ఉన్న అంపైర్‌ను ఒక్కరినైనా పిలిపించుకోగలిగితే ఆయన ప్రయాణం, బస ఖర్చే మీ బడ్జెట్‌లో అన్నిటికంటే మంచి ఖర్చు. ఆయనను మీ ఒక మనిషితో జతచేసి పడవ ఎక్కించండి. రెండు రోజుల్లో మీ మనిషి నేర్చుకునేది ఏ పుస్తకంలోనూ దొరకదు. కొత్తగా నేర్చుకునే మిగతావాళ్లు కూడా వంతులవారీగా అదే పడవలో వెనక కూర్చుని వింటే సరి.

అంపైర్ పడవ నడిపే మనిషిని మూడోవాడిగా విడిగా పెట్టుకోండి. పెద్ద పోటీల్లో అంపైర్లే నడుపుతారు, కానీ కొత్తవాళ్లకు నడపడం, చూడడం, మాట్లాడడం మూడూ ఒకేసారి కుదరవు. 420 తేలికైన పడవ, మోటారు పడవ లేపే అల దాన్ని ఇట్టే ఆపేస్తుంది. రెండు మూడు పడవల పొడవు వెనకే ఉండాలి. రెండు పడవలు పక్కపక్కన పోతుంటే వాటి మధ్య సందు కనిపించేలా నేరుగా వెనక ఉండాలి. మార్క్ దగ్గరికి వస్తుంటే వాళ్ల కంటే ముందే చేరి జోన్ అంచు కనిపించే చోట ఆగాలి.

ఇప్పుడు పడవలు. ఇక్కడ మీకు కాస్త ఊరట కలిగించే విషయం ఉంది. నాలుగు పడవలూ సమానంగా ఉండక్కర్లేదు. తలపడే రెండూ సమానమైతే చాలు. నాలుగింటిని రెండు జతలుగా విడదీయండి. పాత తెరచాపలున్న రెండూ ఒక జత, కొత్తవి ఇంకో జత. జతలో రెండు పడవలకూ మాస్ట్ (తెరచాప స్తంభం) వంపు టేపుతో కొలిచి ఒకేలా పెట్టండి. మాస్ట్‌ను పట్టి ఉంచే తీగల బిగువు గేజితో చూసి సమానం చెయ్యండి. ఆ తర్వాత ఒకే బరువున్న రెండు జట్లను ఎక్కించి ఎదురుగాలికి పక్కపక్కన పదినిమిషాలు నడిపించండి. జట్లను మార్చి మళ్లీ నడిపించండి. రెండుసార్లూ ఒకే పడవ ముందుకెళితే లోపం పడవది. దొరికేదాకా వెతకండి. సమానమైన తర్వాత బిగువులు ఎవరూ మార్చకూడదని నియమం పెట్టి, స్క్రూల మీద టేపు చుట్టేయండి. జట్లు తమతో తెచ్చుకోవడానికి ఏవేవి అనుమతిస్తారో ఒక చీటీ మీద రాసివ్వండి: వాచీ, గాలి దిశ చూపే దారాలు, టేపు, మార్కర్ పెన్, చిన్న పనిముట్లు. అంతకు మించి ఏమీ వద్దు.

బరువు గురించి ఒక మాట. సాగర్‌లో గాలి మందగించిన రోజున 90 కిలోల జట్టుకూ 140 కిలోల జట్టుకూ పోటీ పెడితే అది పోటీ కాదు. పోటీకి ముందే అందరినీ తూచి, ఇద్దరి మొత్తం బరువు దగ్గరగా ఉండేలా జతకట్టించండి. అలా కుదరకపోతే జూనియర్లకు వేరే పోటీ పెట్టండి.

జట్ల సంఖ్యకు వద్దాం. అందరితో అందరూ ఒకసారి ఆడాలంటే ఆరు జట్లకు 15 మ్యాచ్‌లు, ఎనిమిది జట్లకు 28, పది జట్లకు 45. మొదటిసారి ఆరు జట్లతోనే ఆగండి. ఎనిమిది జట్లు ఉత్సాహంగా ముందుకొచ్చినా ఒప్పుకోకండి. మిగిలిన సభ్యులకు చేతినిండా పని ఉంటుంది.

చాలా క్లబ్బులు పొరపాటు పడేది ఇక్కడే. నాలుగు పడవలున్నాయి కాబట్టి ఒకేసారి రెండు మ్యాచ్‌లు నీళ్ల మీద నడపాలని చూస్తాయి. దానికి రెండు అంపైర్ పడవలు, నలుగురు అంపైర్లు కావాలి. మీ దగ్గర ఉండబోయేది ఇద్దరే. అందుకని ఒకసారి ఒక్క మ్యాచే నడపండి, జతలను మార్చి మార్చి వాడండి. మొదటి జత పడవలు పందెంలో ఉండగా రెండో జతలోకి తర్వాతి జట్లు ఎక్కుతాయి. మొదటి మ్యాచ్ ముగియగానే అంపైర్లు వచ్చేసరికి రెండో జత స్టార్ట్ లైన్ వెనక సిద్ధంగా ఉంటుంది. ఎక్కడా ఎదురుచూపు ఉండదు. లెక్క చూడండి. హెచ్చరిక సంకేతం నుంచి స్టార్ట్ దాకా 5 నిమిషాలు, పందెం 18 నిమిషాలు, ఊపిరి తీసుకోవడానికి 2 నిమిషాలు, మొత్తం 25. పదిహేను మ్యాచ్‌లకు 375 నిమిషాలు, అంటే ఆరుంపావు గంటలు. ఒకే జత పడవలుంటే మార్పిడికి ప్రతిసారీ కనీసం ఇంకో ఐదు నిమిషాలు పోతాయి, అప్పుడు ఏడున్నర గంటలు. మీ నాలుగు పడవల అసలు లాభం ఈ గంటుంపావు. శనివారం పది మ్యాచ్‌లు, ఆదివారం ఉదయం మిగతా ఐదు, ఆ తర్వాత సెమీఫైనల్స్, ఫైనల్. వీటిలో రెండు మ్యాచ్‌లు ముందు గెలిచినవాళ్లదే విజయం అని పెట్టుకుంటే మొత్తం ఆరు నుంచి తొమ్మిది మ్యాచ్‌లు. గాలి సహకరిస్తే సాయంత్రం నాలుగు గంటలకల్లా బహుమతులు ఇచ్చేయొచ్చు.

పోటీపట్టిక తయారుచేయడం తెలియక కంగారుపడక్కర్లేదు. ఒక కాగితం మీద పై వరసలో 1, 2, 3, కింది వరసలో 6, 5, 4 రాయండి. పైనా కిందా ఎదురెదురుగా ఉన్నవాళ్లే ప్రత్యర్థులు. 1ని కదపకుండా మిగతా ఐదింటినీ గుండ్రంగా ఒక్కో స్థానం జరుపుతూ పోతే ఐదు రౌండ్లలో 15 మ్యాచ్‌లూ వచ్చేస్తాయి. ఒక జట్టు ఎప్పుడూ బ్లూగానే ఉండకుండా మూడుసార్లు ఒక రంగు, రెండుసార్లు ఇంకో రంగు వచ్చేలా సర్దండి. ఇది ఎందుకు ముఖ్యమో స్టార్ట్ గురించి చెబితే అర్థమవుతుంది.

మ్యాచ్ రేసు అందమంతా స్టార్ట్‌కు ముందు ఉన్న నాలుగు నిమిషాల్లో ఉంది. ప్రిపరేటరీ సంకేతం, అంటే పి జెండా లేచినప్పుడు రెండు పడవలూ లైన్‌కు చెరో కొసన, బయట ఉండాలి. గాలికి ఎదురుగా చూస్తే బ్లూ ఎడమ కొస, ఎల్లో కుడి కొస. అప్పటినుంచి రెండు నిమిషాల్లోపు రెండూ లైన్‌ను పైనుంచి (గాలి వచ్చే వైపునుంచి) కిందికి దాటి లోపలికి రావాలి. ఎడమనుంచి వచ్చే బ్లూ పోర్ట్ ట్యాక్ మీద ఉంటుంది, కుడినుంచి వచ్చే ఎల్లో స్టార్‌బోర్డ్ ట్యాక్ మీద. దారి హక్కు ఎల్లోది. ఎల్లో నేరుగా బ్లూ మీదికి వస్తుంది. బ్లూ దాని ముందునుంచి దాటి తప్పించుకోగలిగితే సరే. లేకపోతే గాలికి ఎదురు తిప్పి ఆగిపోవాలి, ఎల్లో కూడా పక్కనే తిప్పి ఆగుతుంది. రెండు పడవలూ ముక్కులు గాలిలోకి పెట్టి, తెరచాపలు టపటపా కొట్టుకుంటూ, అరమీటరు దూరంలో వెనక్కి కొట్టుకుపోతుంటాయి. ఎవరు ముందు చుక్కాని మీద పట్టు తప్పితే వాళ్లు ఓడినట్టే. కీల్ (అడుగున బరువైన రెక్క) ఉన్న బరువైన పడవలు ఇలా చాలాసేపు నిలబడతాయి, 420 నిలబడదు. తేలిక పడవ కాబట్టి క్షణాల్లో పక్కకు ఒరిగి తిరిగిపోతుంది. అందుకని పోటీకి ముందు జట్లకు ఈ ఆగడం, వెనక్కి నడపడం ప్రత్యేకంగా సాధన చేయించండి. చేయించకపోతే మొదటిరోజు బోల్తాలే ఎక్కువ చూస్తారు.

కుడి కొసనుంచి వచ్చేవాడికి ఈ చిన్న మేలు ఉంది కాబట్టే రంగులు సమానంగా పంచమన్నాను. నాకౌట్‌లో అయితే ప్రతి మ్యాచ్‌కూ కొసలు మార్చాలి.

పెనాల్టీ లెక్క జట్లకు బాగా తలకెక్కాలి. పెనాల్టీ అంటే ఒక మలుపు. పైమార్క్ (గాలి వచ్చే వైపున్న మార్క్) వైపు వెళుతుంటే జైబ్ చేసి, అంటే పడవ వెనకభాగం గాలిని దాటేలా తిప్పి, చుట్టూ తిరిగి మళ్లీ ఎదురుగాలికి రావాలి. కిందికి వస్తుంటే ట్యాక్ చేసి, అంటే ముక్కు గాలిని దాటేలా తిప్పి, మళ్లీ కిందికి తిప్పాలి. ఎర్రజెండా లేకపోతే దాన్ని ఫినిష్ దాకా మోసుకుపోవచ్చు. మోసుకుపోవడమే తెలివి, ఎందుకంటే ఈలోగా ఎదుటివాడికీ పెనాల్టీ పడితే రెండూ కొట్టేసుకుంటాయి. రెండు దాకా మోయొచ్చు, మూడోది పడితే నల్లజెండా. పెనాల్టీ ఉన్న పడవ ఫినిష్ లైన్ దగ్గర నాలుగు పడవల దూరం ముందుండి మలుపు తిరుగుతుంటే వెనకవాడు దూసుకొచ్చే ఆ పది సెకన్లు చూడాలి. ఒడ్డు మీదున్న కొత్తవాళ్లు కూడా లేచి నిలబడతారు.

కోర్సు చిన్నదిగా ఉండాలి. పైమార్క్, కిందిమార్క్, రెండు చుట్లు, కిందికి వస్తూ ఫినిష్. మార్కులను కుడిచేతి వైపు ఉంచి తిరగాలి, ఫ్లీట్ రేసులకు అలవాటుపడ్డ మీ వాళ్లకు ఇది మొదట తికమక పెడుతుంది. మధ్యస్థమైన గాలికి 420లకు ఒక్కో కాలు (మార్కుల మధ్య దూరం) 350 మీటర్లు ఉంటే 18 నిమిషాల్లో అయిపోతుంది. లైన్ 40 మీటర్ల చుట్టుపక్కల పెడతాను నేను. మరీ పొడుగైతే రెండు పడవలూ చెరో కొసనా విడిపోతాయి, తలపడవు. లైన్ గాలికి అడ్డంగా, నిక్కచ్చిగా ఉండాలి.

సాగర్‌లో ఎక్కడ పెట్టాలి? నైరుతి రుతుపవనాల గాలి పడమర, నైరుతి దిక్కుల నుంచి, అంటే నెక్లెస్ రోడ్ వైపునుంచి ట్యాంక్‌బండ్ వైపు వీస్తుంది. కాబట్టి స్టార్ట్, ఫినిష్ రెండూ ట్యాంక్‌బండ్ వైపు పడతాయి. ఇది మంచి విషయం, బండ్ మీద నడిచేవాళ్లకు స్టార్ట్ ముందరి కుస్తీ కళ్లముందే జరుగుతుంది. లుంబినీ పార్కునుంచి బుద్ధ విగ్రహానికి పర్యాటకుల పడవలు తిరుగుతాయి కాబట్టి దక్షిణ భాగం వదిలేసి, విగ్రహానికి ఉత్తరాన, సంజీవయ్య పార్కు వైపున్న నీళ్లలో కోర్సు వేయండి. పడమటి ఒడ్డుకు మరీ దగ్గరగా పైమార్క్ పెట్టకండి, అక్కడి చెట్లు, భవనాల వల్ల గాలి తెగి తెగి వస్తుంది. మార్క్ వేసే పడవలో ఉన్న మనిషి ప్రతి మ్యాచ్‌కూ ముందు గాలి దిశ కొలిచి చెప్పాలి. పదిహేను డిగ్రీలు తిరిగితే మార్క్ జరపాలి. 6 నుంచి 14 నాట్ల గాలి మీకు సరైనది. అంతకు మించి ఈదురుగాలి వచ్చి బోల్తాలు మొదలైతే ఆపేయండి.

జట్లు మారడానికి ప్రతిసారీ ఒడ్డుకు రావాలంటే సమయం సరిపోదు. స్టార్ట్ లైన్‌కు దగ్గరలో, గాలివాలున, వెడల్పాటి అడుగున్న పడవ ఒకటి లంగరేసి ఉంచండి. ఆడని జట్లు అక్కడే కూర్చుంటాయి, అక్కడే మారతాయి. నీళ్లు, తినడానికి ఏదైనా, పెద్ద గొడుగు పెట్టండి. లైఫ్ జాకెట్ అక్కడ కూడా విప్పకూడదు. కాపలాకు వేరే మోటారు పడవ ఉండాలి, అంపైర్ పడవను ఆ పనికి వాడొద్దు. బోల్తాపడి నీళ్లు మింగినవాళ్లు, చర్మం గీరుకున్నవాళ్లు వెంటనే మంచినీళ్లతో కడుక్కునేలా ఏర్పాటు చెయ్యండి. సాగర్ నీళ్ల సంగతి మీకు తెలిసిందే.

పడవలు తగులుకుంటాయి, అది తప్పదు. ముక్కు దగ్గర మందపాటి ఫోమ్ అతికించండి. నష్టం చేసినవాళ్లకు పాయింట్ కోత ఉంటుందని ముందే రాసిపెట్టండి: రిపేరు అవసరమైతే అర పాయింట్, తర్వాతి మ్యాచ్‌కు పడవ పనికిరాకుండా పోతే ఒక పాయింట్. గెలిస్తే వచ్చేదే ఒక పాయింట్ కాబట్టి అందరూ జాగ్రత్తగా ఉంటారు.

ఇద్దరు సమానంగా నిలిస్తే ముందు చూడాల్సింది వాళ్లిద్దరి మధ్య మ్యాచ్ ఎవరు గెలిచారన్నది. ముగ్గురైతే, ఆ ముగ్గురి మధ్య జరిగిన మ్యాచ్‌ల పాయింట్లు. మిగతా క్రమమంతా అపెండిక్స్ సి లో వరసగా ఉంది. దాన్ని ప్రింటు తీసి నోటీసు బోర్డు మీద అంటించండి, ఎవరూ మిమ్మల్ని అడగాల్సిన పని ఉండదు.

ప్రతి రోజూ చివరి మ్యాచ్ అయ్యాక అంపైర్లు జట్లతో అరగంట కూర్చోవాలి. అదే బల్ల, అవే చెక్క పడవలు. "మూడో మ్యాచ్‌లో మాకు ఆకుపచ్చ జెండా ఎందుకిచ్చారు సార్?" అని పదిహేనేళ్ల పిల్ల అడిగితే, ఏం చూశారో, ఎక్కడినుంచి చూశారో పడవలు జరిపి చూపించాలి. తీర్పు మారదు, కానీ వాళ్లకు అర్థమవుతుంది. చూసిన చోటు సరిగా లేదని అంపైర్‌కే అనిపిస్తే ఆ మాట కూడా చెప్పాలి. ఈ అరగంటను ఎన్ని పనులున్నా వదలకండి. మీ తర్వాతి అంపైర్లు ఆ బల్ల చుట్టూ నిలబడ్డవాళ్లలోంచే వస్తారు.

తేదీల విషయానికొస్తే, జులై మధ్యనుంచి ఆగస్టు మొదటివారాల దాకా సాగర్ మీద గాలి నిలకడగా ఉంటుంది. కాకపోతే హైదరాబాద్ సెయిలింగ్ వీక్ లాంటి పెద్ద పోటీలు కూడా వానాకాలంలోనే ఉంటాయి, వాటితో పడకుండా చూసుకోండి. వినాయక చవితికి కనీసం వారం ముందే ముగించండి. నిమజ్జనాలు మొదలయ్యాక ట్యాంక్‌బండ్ వైపు నీళ్లు మీకు దొరకవు, ఆ తర్వాత కూడా కొన్నాళ్లు చెక్కలు, ఊచలు అడుగున ఉండిపోయి పడవ కిందికి దిగే సెంటర్‌బోర్డు పలకలకు తగులుతాయి. జూన్‌లో మొదటి రెండు ఆదివారాలు బల్ల మీద అంపైర్ శిక్షణ, తర్వాతి రెండు ఆదివారాలు నీళ్ల మీద ఉత్తుత్తి మ్యాచ్‌లు పెట్టుకోండి. పడవలను జతపరచడం, తూకాలు, పోటీపట్టిక జులై మొదటివారంలో చేసుకోవచ్చు. స్టార్ట్ సంకేతాలు వేసే మనిషికి కూడా ఆ ఉత్తుత్తి మ్యాచ్‌లలోనే చెయ్యి తిరగాలి. పి జెండా ఐదు సెకన్లు ఆలస్యంగా లేస్తే ఇద్దరు స్కిప్పర్ల లెక్కా తప్పుతుంది.